తెరపై బొమ్మలు వేయగోరు ఆడపిల్లలకు



సామర్లకోట నుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము పది దినములుగా నా బల్లపై నున్నది. ఆమె కుమార్తె కంప్యూటరుపై బొమ్మలు వేయ నేర్వగోరుచున్నదట. అంగడికి బోయిన నొకడు ఒక సాఫ్ట్‌వేరు పేరును, మరియొకడు వేరొక పేరును చెప్పుచున్నారట. ఏది కొనదగినదో తెలుపుమని యడిగినది. నేను చిత్రకారిణిని గాను. మా తండ్రిగారు నాకు వసుచరిత్రము చెప్పిరి గాని కుంచె పట్టించలేదు. అయినను ఈ విషయమై మా యింట నొక సంవత్సరముగా నడచిన కథ యొకటి కలదు. దానిని చెప్పినచో ఆ సోదరికి సమాధానము దొరకునని తలచుచున్నాను.

మా ఆడపడుచు భర్తను పోగొట్టుకొని కుట్టుపనితో కాలము గడుపుచున్నది. ఆమె కుమార్తె కాకినాడలో మా యింట నుండి డిగ్రీ చదువుచున్నది. ధనుర్మాసమంతయు మా వీధివాకిట ముగ్గు ఆ పిల్లదే. నిరుడు వేసవిలో మా ఆడపడుచు చీటీ పాడి తెచ్చిన 40,000 రూపాయలను నా చేతిలో పెట్టి, "వదినగారూ, దీనితో పిల్లకు బొమ్మల యంత్రము కొనిపెట్టుడు. అంగడివాడు ఐపాడే కొనవలెనన్నాడు. తక్కువ పడినచో నా గాజులున్నవి" అనెను. ఆ గాజులు తప్ప ఆమెకు వేరు బంగారము లేదని నే నెరుగుదును. "ఒక్క నెల ఓపిక పట్టుము" అని చెప్పి సొమ్మును బీరువాలో పెట్టితిని.

ఆ నెలలో నేనును మా వారును కూర్చుండి సంగతులు విచారించితిమి. అంగడివాడు చెప్పినది అబద్ధము కాదు. ప్రొక్రియేట్ అనునది మంచి సాధనమే. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపపు వారు దానిని 2011లో వెలువరించిరి. ఒక్కసారి వెల చెల్లించిన చాలును, నెలనెల కట్టవలసినది లేదు. కాని అది ఆపిల్ వారి పరికరములపై తప్ప నడువదు. దీపము చవుక, సెమ్మె ప్రియము! ఫోటోషాప్ సంగతి దీనికి విపరీతము. 1990 నుండి ఉన్న ఆ పేరు అచ్చుకూటములలో ఎల్లరకును తెలిసినదే. అయితే 2013 తరువాతి దాని క్రొత్త కూర్పులు అద్దెకే గాని అమ్మకమునకు లేవు. అద్దె మానిన నాడు తలుపు మూతపడును. ఇంకను సంపాదన లేని పిల్లకు ఆ బరువేల? ఒక దుకాణములో దొంగప్రతిని ఊరకనే ఎక్కించెదమనిరి. మా వారు బడిపంతులు గదా. "పరీక్షలో చూచి వ్రాసిన వానిని లేపివేయు నేను దీనిని ఏ మొగముతో ఇంటికి తెత్తును?" అని లేచి వచ్చిరి. అట్టి ప్రతుల వెంట వైరసులు కూడ వచ్చునని తరువాత తెలిసినది.

ధర్మముగానే ఉచితముగా దొరకునవి కలవని మాకు అప్పుడు తెలిసినది. వానిలో బొమ్మలు వేయుటకై ప్రత్యేకముగా చేసినది క్రిటా. స్వీడను దేశపు భాషలో ఆ మాటకు సుద్ద, రంగుబలపము అని అర్థము. భారతములోని కృతశబ్దమును కూడ తలచుకొనియే ఆ పేరు పెట్టిరని చదివి నేను పొంగిపోయితిని. ఇందులో ఒక మెలకువ కలదు. క్రిటా వారి సొంత తావు నుండి దింపుకొన్న వెల లేదు. మైక్రోసాఫ్టు వారి అంగడిలో అదే సాధనమునకు వెల యుండును. ఆ సొమ్ము దానిని తయారుచేయు వారికే సాయమగును గాని, చేతిలో డబ్బులేని వారు తెలియక కొననక్కరలేదు.

దీనిలో నాకు మిక్కిలి నచ్చినది ఒక కుంచె. ఒక రేకు గీచిన, నడిమి బిందువు చుట్టును ఎనిమిది రేకులు తమంత తామే విచ్చుకొనును. ముగ్గు లెరిగిన మన చేతులకు అది చుట్టమువంటిది. అయితే పిల్లను నేను మొదటి నెల దాని జోలికి పోనీయలేదు. చేయి సోమరి యగునని నా భయము. ఈ భయము చాదస్తమని మా వారు నవ్విరి.

ఆ నెలలోనే పిల్లను రాజమహేంద్రవరము తీసికొనిపోయి దామెర్ల రామారావుగారి చిత్రశాలను చూపితిని. ఆయన 1897లో పుట్టి, కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొరగారి ప్రోత్సాహముతో బొంబాయి వెళ్ళి నేర్చి, 1925లో ఇరువదియెనిమిది నిండకయే గతించిరి. పిల్ల ఒక పటము ముందు చాలసేపు నిలిచి, "అత్తా, ఈయనకు అన్‌డూ లేదు గదా!" అనెను. తెరపై తప్పు గీతను ఒక్క మీటతో వెనుకకు తీసికొనుటను అన్‌డూ అందురు.

కంప్యూటరు లేని యిండ్లలో ఫోనుతో మొదలిడవచ్చును. ఐబిస్ పెయింట్ అను జపాను వారి సాధనము ఉచితమే. నడుమ నడుమ ప్రకటనలు వచ్చి విసిగించును. మా పిల్ల దానితోనే వ్రేలితో మొదలిడి లేయర్ల సంగతి నేర్చినది. లేయరనగా గాజుపలకవంటి పొర. క్రింది పలకపై గీత, మీది పలకపై రంగు వేసిన, రంగు చెడినను గీత చెడదు.

ఇక మాకు తగిలిన దెబ్బ చెప్పెదను. మా యెరుకవారొకరు తమ యింటి పెండ్లి శుభలేఖకు బొమ్మ వేయుమని పిల్లకు 1,500 రూపాయలు ఒప్పుకొనిరి. అది తొలి సంపాదన. ఫోనుపై అరటిబోదెలు, తోరణములు చక్కగా వేసినది. అచ్చునకు పంపగా అంచులన్నియు గళ్ళుగళ్ళుగా వచ్చెను. కారణ మేమన, తెరపై బొమ్మ ముగ్గుపిండి రేణువులవంటి చుక్కల కూర్పు. నాణ్యమైన అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలు కావలెను. ఏడంగుళముల శుభలేఖకు 2,100 చుక్కల వెడల్పు వలసియుండగా, పిల్ల 1,000 చుక్కల పలకపై వేసినది. చిన్నదానిని సాగదీసిన రేణువులు బయటపడక మానునా? పలక కొలతను మొదటనే నిర్ణయింపవలెనని మాకు చెప్పినవారు లేరు. రెండు రాత్రులు మేలుకొని మా వారి పాత లాప్‌టాపుపై క్రిటాలో మరల వేసినది. లేఖలు ఆలస్యమయ్యెను, సగము సొమ్మే చేతికి వచ్చెను. ఆ రాత్రి అన్నము తినలేదు.

రంగులలోను అట్టి చిక్కే కలదు. తెర వెలుగుతో రంగును పుట్టించును, అచ్చు సిరాతో పుట్టించును. తెరపై మిలమిలలాడిన చిలుకపచ్చ కాగితముపై వాడిపోవును. క్రిటాలో అచ్చురంగుల పద్ధతిని ముందే యెంచుకొనవచ్చును.

అక్షరములకు వేరొక సాధనమును వాడుట మేలు. కొన్నింటిలో తెలుగు ఒత్తులు విడిపోయి వికారముగా నుండును. ఇంక్‌స్కేప్ అను ఉచిత సాధనములో అవి సరిగా కుదురుకొనును. అది చుక్కలను గాక గీత నడచు త్రోవను జ్ఞాపకముంచుకొనును, కావున ఎంత పెంచినను చెదరదు. గూగుల్ వారి యొద్ద ఉచితముగా దొరకు తెలుగు లిపులకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న అని పేర్లున్నవి. భువనవిజయము శుభలేఖ కెక్కినదని మా యింట పరిహాసము. ఉచితముగా దొరకు గింప్ అనునది ఫోటోలను దిద్దుటకే మాకు ఉపయోగపడినది, బొమ్మలకు గాదు.

నెల గడిచిన తరువాత మేము కొన్నది పెన్ టాబ్లెట్ ఒక్కటే. నల్లని పలక, దానికొక కలము. చేతి ఒత్తిడిని బట్టి గీత సన్నమగును, లావగును. 4,000 రూపాయలకు లోపుగా వచ్చినది. చేయి పలకపైనను చూపు తెరపైనను ఉండవలెను గనుక మొదటి వారము పిల్ల ఏడ్చినంత పని చేసినది. పిదప అలవడినది. మిగిలిన సొమ్మును మా ఆడపడుచు పేరనే పోస్టాఫీసులో వేసితిమి. ఆమె మొదట చిన్నబుచ్చుకొనెను. "మంచిది కొనలేదా, పిల్లకు తక్కువ చేసితిరా?" అని నన్నడిగెను. ఆ మాట నన్ను బాధించినది.

సామర్లకోట సోదరి మొదట తమ యింట నున్న యంత్రమేదో చూచుకొనవలెను. కంప్యూటరున్నచో క్రిటా, ఫోను మాత్రమే యున్నచో ఐబిస్ పెయింట్. కలము కొనుటకు మూడు నెలలు ఆగవచ్చును. మా పిల్లకు ఇప్పుడు ఉప్పాడ నుండి యొక నేతవారి పని వచ్చినది. అక్కడి జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది గదా. బుటాను వారు గళ్ళ కాగితముపై గుర్తించుకొని నేయుదురు. పిల్ల తెరపై గళ్ళు పరచుకొని మామిడిపిందె బుటా వేసి పంపినది. తొడిమ వంపు నేతకు లొంగదని వారు త్రిప్పి పంపిరి. నేనిది వ్రాయుచుండగా ప్రక్కగదిలో దానిని రెండవసారి దిద్దుచున్నది.