పరదేశ పరిచర్యకు పోవు బిడ్డలు



గతమాసమున ఒకనాటి సాయంకాలము దీపము పెట్టి వసారాలో కూర్చుండియుండగా, మా వీథిలోని యొక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. ఆమె భర్త సిరుపూరు కాగితపు మిల్లులో పనిచేసినవాడు. 1938లో నిజాము రాజ్యమున స్థాపింపబడిన యా మిల్లు వలననే మా యూరికి కాగజ్‌నగర్ అను పేరు కలిగినది. అట్టి మిల్లు 2014లో మూతపడగా, 2018లో జె.కె. పేపరు సంస్థ దానిని గైకొనువరకు ఎన్ని యిండ్లలో పొయ్యి వెలుగలేదో మా యూరివారి కందఱకును దెలియును. ఆ కఱవు దినములలో కుట్టుమిషను త్రొక్కి యీ తల్లి బిడ్డను చదివించినది. ఇప్పు డా బిడ్డ జి.ఎన్.ఎం. అనెడి మూడేండ్ల పరిచారికావిద్యను ముగించినది.

పిల్ల చేతిలో నొక కాగితము కలదు. గల్ఫుదేశమున నర్సు ఉద్యోగ మిప్పింతునని యొక దళారి వ్రాసి యిచ్చినది. మూడున్నర లక్షల రూపాయలు చెల్లింపవలెనట, ముందుగా సందర్శకుల వీసాపై పోవలెనట, అచ్చట దిగిన పిమ్మట ఉద్యోగపు వీసా దానంతట నదియే వచ్చునట, పరీక్ష యక్కఱలేదట!

“పంతులమ్మా, జర ఈ కాయితం నువ్వొక్కసారి సదివి చెప్పు. పుస్తెలు కుదువవెట్టి అయినా పంపుదామనుకుంటున్న” అని తల్లి పలికినది.

ఆ కాగితమును జదువుచుండగా నా చేయి వణకినది. కారణ మేమన, కొన్నేండ్ల క్రిందట నిట్టి కాగితమే మఱియొకటి మా గడపకు వచ్చెను. నా డది తెచ్చిన పిల్ల ఏ.ఎన్.ఎం. చదివినది. “దళారి మనవైపువాడే గదా, నమ్మవచ్చును” అని నేనంటిని. పిల్ల పోయినది. అచ్చట ఆసుపత్రియు లేదు, నర్సు పనియు లేదు. ఒక యింట రాత్రింబవళ్లు చాకిరి. పాసుపోర్టు యజమానుని పెట్టెలో. రెండేండ్లకు తిరిగి వచ్చినది గాని, తండ్రి చేసిన యప్పు మాత్రము నేటికిని పూర్తిగా దీఱలేదు. ఆమె న న్నొక్క మాటయు ననలేదు. దారిలో నెదురుపడినచో నమస్కరించి పోవును. ఆ నమస్కారమే నాకు దండన. కావున నీ మాఱు సంగతి తెలిసికొనక నోరు విప్పరాదని నిశ్చయించుకొని, వారమురోజులు గడువడిగితిని. మావారును నేనును తెలిసికొన్న విషయములను, మీ యిండ్లలో నిట్టి బిడ్డలున్నచో నుపకరించునని, ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదట నొక మాట. నర్సు పని నీచమనియు, ఆ పిల్లకు సంబంధము దొరకదనియు పలుకువారు మనలో నేటికిని గలరు. చరకాచార్యులు చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యని నాలుగు పాదములు చెప్పిరి. పరిచారకునకు పరిచర్య తెలియుట, దక్షత, అనురాగము, శుచిత్వము అను నాలుగు గుణములను విధించిరి. శాస్త్రము వైద్యుని సరసనే కూర్చుండబెట్టినవారిని మనము గడపవెలుపల నిలుపుట యే ధర్మము?

ఇక మార్గమును గూర్చి. మొదటి మెట్టు మన దేశముననే యున్నది. ఏ.ఎన్.ఎం. రెండేండ్ల చదువు, గ్రామసేవకు మిక్కిలి యుపయోగకరము. కాని పరదేశములలో దానితో రిజిష్టరు నర్సుగా అంగీకరింపరు. జి.ఎన్.ఎం. మూడేండ్లు, బి.యస్సీ. నర్సింగు నాలుగేండ్లు, ఈ రెండే ద్వారములు. జి.ఎన్.ఎం. చదివినవారు మఱి రెండేండ్లు చదివి బి.యస్సీ. పట్టమును బొందవచ్చును. చదువు ముగిసినంతనే రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొనవలెను. ఈ విద్యకు దేశమంతటికి నియమములను జేయుటకై 1947 నాటి చట్టముచే భారత నర్సింగు కౌన్సిలు ఏర్పడినది. దాని స్థానమున జాతీయ కమీషను నేర్పఱుచుటకు 2023లో నూతన చట్టము చేయబడినది. చేరబోవు పాఠశాలకు గుర్తింపు కలదో లేదో రుసుము గట్టుటకు ముందే విచారించుట తల్లిదండ్రుల విధి.

ఇచ్చట నొక చిన్న సంగతి కలదు. చిన్నదైనను ఎందఱనో యేడిపించునది. మన తెలుగువారి యింటిపేరు పదవతరగతి పత్రమున నొక్క యక్షరముగా నుండును. పాసుపోర్టున పూర్తిగా నుండును. నర్సింగు పత్రమున నొక్కొక్కసారి యసలే యుండదు. వివాహమైనచో భర్త యింటిపేరు వచ్చి చేరును. పరదేశపు అధికారికి ఈ నాలుగు పేర్లును నలుగురు మనుష్యులుగా దోచును. కావున బిడ్డ పదవతరగతిలో నున్నప్పుడే పేరు, పుట్టినతేది అన్ని పత్రములలో నొక్క తీరుగా నుండునట్లు చూడుడు. తరువాత దిద్దించుకొనుట కెన్ని కచేరీల మెట్లెక్కవలెనో చెప్పజాలను.

రెండవ మెట్టు అనుభవము. గుర్తింపుగల ఆసుపత్రిలో ఒకటి రెండేండ్లు పనిచేసి, పత్రము పొందుట మంచిది. అడుగువా రనేకులు. పెద్ద ఆసుపత్రిలో నేర్చిన పనియే పరీక్షలో చేయిపట్టి నడిపించును.

మూడవ మెట్టు భాష. ఇంగ్లీషు మాటలాడు దేశములకు ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అను పరీక్షగాని, వైద్యవృత్తులవారికే యేర్పడిన ఓ.ఇ.టి. అను పరీక్షగాని యిత్తురు. బ్రిటనులో నర్సుగా నమోదు కాగోరువారు ఐ.ఇ.ఎల్.టి.ఎస్.లో వినుట, చదువుట, మాటలాడుటలలో 7, వ్రాతలో 6.5 తెచ్చుకొనవలెను. ఓ.ఇ.టి.లో వ్రాత యనగా రోగి స్థితిని వివరించుచు మఱియొక వైద్యునకో నర్సునకో లేఖ వ్రాయుట. తెలుగు మాధ్యమమున జదివిన మన పిల్లలకు ఈ మెట్టే యెత్తైనది. కాని ఇది తెలివికి సంబంధించినది కాదు, అభ్యాసమునకు సంబంధించినది. ప్రతిదిన మొక గంట చొప్పున ఏడాది పాటు చదివినచో లొంగని భాష లేదు.

నాలుగవ మెట్టు ఆయా దేశముల పరీక్ష. బ్రిటనువారి పరీక్ష రెండు భాగములు. మొదటిది కంప్యూటరుపై నిచ్చట మన దేశముననే వ్రాయవచ్చును. అందులో మందుల మోతాదు లెక్కలు, వృత్తిజ్ఞానము నడుగుదురు. రెండవది ఆ దేశమునకు బోయి, చేతలతో చూపవలసినది. అమెరికాకు బోవువారు తమ చదువు పత్రములను సి.జి.ఎఫ్.ఎన్.ఎస్. వంటి సంస్థలచే పరిశీలింపజేసికొని, ఎన్‌క్లెక్స్ అను పరీక్షలో గెలువవలెను. దానిని హైదరాబాదులోనే వ్రాయవచ్చును. ఐదు గంటల కాలము. 85 మొదలు 150 వఱకు ప్రశ్నలు. జవాబును బట్టి తరువాతి ప్రశ్న కఠినమో సులభమో యగును. అయితే గెలిచినంతమాత్రమున విమాన మెక్కుదుమని తలపరాదు. అమెరికా వలస వీసాలకు మనవారి వరుస మిక్కిలి పొడవైనది, ఏండ్లు పట్టును.

గల్ఫుదేశములకు పరీక్ష యక్కఱలేదనుట శుద్ధాసత్యము. సౌదీ, దుబాయి, అబూధాబి, కతారు, ఒమాను మొదలగుచోట్ల ఆయా ఆరోగ్యాధికారుల లైసెన్సు లేనిదే నర్సు రోగిని ముట్టరాదు. డేటాఫ్లో వంటి సంస్థలు మన పాఠశాలకును, కౌన్సిలునకును, ఆసుపత్రికిని నేరుగా వ్రాసి పత్రముల సత్యము నరయును. ఆపై ప్రోమెట్రిక్ మొదలగు కేంద్రములలో పరీక్ష. దొంగపత్రము పట్టుబడినచో ఆ ద్వారము మూసికొనిపోవును.

జర్మనీ త్రోవ వేఱు. జర్మను భాషలో బి2 అను మెట్టు వఱకు నేర్వవలెను. అచ్చటి ప్రభుత్వము మన చదువును తమ చదువుతో సరిపోల్చి, కొఱతలను చెప్పును. ఆ కొఱతలను శిక్షణచేతగాని, పరీక్షచేతగాని తీర్చుకొనువఱకు సహాయకురాలిగా పనిచేయవలెను. 2013 నుండి జర్మను ప్రభుత్వపక్షమున నడచుచున్న ట్రిపుల్ విన్ అను పథకములో నర్సుకు భాషాశిక్షణకును ఉద్యోగమునకును రుసుము లేదు. మన తెలంగాణ ప్రభుత్వమునకు చెందిన టామ్‌కామ్ అను సంస్థయు జర్మనీ, జపాను ఉద్యోగములకై భాష నేర్పించి పంపు పని చేపట్టినది. జపానువారు 2019 నుండి ప్రత్యేక వీసాపై పిలుచునది చాలవఱకు వృద్ధుల సంరక్షణ పనికి. నర్సు పనికి గాదు. రెండింటికి జీతములో, గౌరవములో భేద మున్నది. ఒప్పందములో నే మాట వ్రాసినారో చదువక సంతకము చేయరాదు.

ఇక దళారులు. 1983 నాటి వలసల చట్టము ప్రకారము ప్రభుత్వమున నమోదైన ఏజెంటే విదేశోద్యోగములకు మనుష్యులను పంపవచ్చును. అట్టివాడును 30,000 రూపాయలును, దానిపై పన్నును మించి తీసికొనరాదు. కువైటు ఉద్యోగములకై నర్సులవద్ద లక్షలకొలది గుంజినారన్న గొడవ చెలరేగిన పిదప, 2015లో కేంద్రప్రభుత్వము గల్ఫు మొదలగు 18 దేశములకు నర్సులను ప్రభుత్వసంస్థల ద్వారముననే పంపవలెనని కట్టడి చేసినది. కేరళమున నోర్కా రూట్స్, మన రాష్ట్రమున టామ్‌కామ్ అట్టివి. ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వపు పుటలో ఏజెంటుల పేర్లును, నమోదు సంఖ్యలును ఎవరైనను చూడవచ్చును. మావారు పాఠశాలనుండి వచ్చి, ఆ పుటను తెఱచి, ఆ దళారి పేరు మూడుమాఱులు వెదకిరి. లేదు.

మనకంటె ముందు ఈ దారి నడచినవారిని చూచి నేర్చుకొందము. ఫిలిప్పీను ద్వీపములలో నాలుగేండ్ల పట్టము, ఆపై ప్రభుత్వపు పరీక్ష నెగ్గినవారే నర్సులు. పరదేశమునకు బోవు ప్రతి పనివారిని ప్రయాణమునకు ముందు కూర్చుండబెట్టి, ఆ దేశపు చట్టములను, తమ హక్కులను బోధింతురు. వలసపోవువారి కొఱకే 2022 మొదలుకొని యొక మంత్రిత్వశాఖ పనిచేయుచున్నది. మన కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి రెండుమూడు తరములుగా మగవారు గల్ఫునకు బోవుచున్నారు గదా! వారిలో చాలమందికి బోధించినవా డెవడు? దళారియే.

అప్పు సంగతి కడపట చెప్పుచున్నాను గాని, మొదట దలపవలసినది. 2014 జులైలో ఇరాకులోని తిక్రిత్ పట్టణమున యుద్ధము నడుమ జిక్కిన 46 మంది భారతీయ నర్సులు క్షేమముగా తిరిగి వచ్చిరి. వారిలో కొందఱు తుపాకుల నడుమనుండియు వెంటనే వచ్చుటకు సంకోచించిరట. ఇంటివద్ద నప్పు తీఱలేదని. ఇంతకంటె చెప్పవలసిన దేమున్నది? అప్పుచేసి పోయిన బిడ్డకు తిరిగివచ్చు దారి మూసికొనిపోవును. చెడ్డ యజమానుని విడువలేదు, జబ్బు చేసినను రాలేదు.

వారము ముగిసినంతనే ఆ తల్లిని పిలిచి, ఈ సంగతులన్నియు చెప్పితిని. వెనుకటి పిల్ల విషయమున నేను చేసిన తప్పును కూడ దాచలేదు. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “అయితె మా పిల్ల ఇంక పోనే పోదా?” అని యడిగినది. పోవునని చెప్పితిని. ఆలస్యముగా పోవును, కాని తన కాళ్లపై పోవును.

ఇప్పు డా పిల్ల మంచిర్యాలలో నొక ఆసుపత్రిలో పనికి చేరినది. జీతము స్వల్పము. ఆదివారములు మావారివద్ద ఇంగ్లీషు లేఖలు వ్రాయుట నేర్చుచున్నది. మొన్న వ్రాసిన లేఖలో పదునొకండు తప్పులు. అంతకు ముందటి దానిలో ఇరువదియాఱు. తల్లి మెడలో పుస్తె లట్లే యున్నవి.

కాని యొక శంక నన్ను వీడలేదు. మా మన్యపు గూడెములలో కాన్పునకు నర్సు దొరకక బాధపడు స్త్రీలున్నారు. మన బిడ్డలందఱు సముద్రములు దాటిపోయినచో వీరి మంచముకడ నిలుచువా రెవరు? పోవలదని యా పిల్లతో నేను చెప్పలేదు. చెప్పు నధికారము నాకు లేదు. ఇంటి కన్నము పెట్టు జీత మిచ్చటనే యిచ్చినచో ఆమెయు పోవుట కింత తొందరపడి యుండదు. ఈ మాట ఏలువారి చెవిని బడవలెను.

సోదరీమణులారా, మీ యింటనో మీ ప్రక్కయింటనో నర్సింగు చదివిన బిడ్డ యున్నచో ఈ పుట నామెకు చదివి వినిపింపుడు. ఎవరైన కాగితము తెచ్చి మీ యభిప్రాయ మడిగినచో, తెలియకున్న “తెలియదు, విచారించి చెప్పుదును” అనుడు. ఆ యొక్క మాట నేను నాడు పలికి యుండిన, ఒక యింటి యప్పు తప్పియుండెడిది.

ఇట్లు,
కాగజ్‌నగర్ నుండి
మీ సోదరి