పాత బృందం మళ్ళీ కలిస్తే మనం దేనికి ఎదురుచూడాలి?



ఘంటసాల పాటలు, త్యాగరాజ ఆరాధన వీడియోలు పంచుకునే మన గ్రూపులో హెవీ మెటల్ సంగతి ఎందుకని కొందరు అడగవచ్చు. మనలో అరవై దాటినవాళ్ళలో ఈ సంగీతం విన్నవాళ్ళు తక్కువేమీ కాదు. మద్రాసు బర్మా బజారులో క్యాసెట్లు కొని, ఒకరి దగ్గర నుంచి ఒకరు కాపీ చేసుకొని విన్నాము. తమిళ మీడియంలో చదివిన మాకు ఆ ఇంగ్లీషు మాటలు సగం అర్థం కాలేదు. గిటారు, డ్రమ్ములు మాత్రం బాగానే అర్థమయినాయి. అందుకే ఫలానా పాత బృందం మళ్ళీ కలుస్తోంది, కొత్త ఆల్బం రాబోతోంది అని వార్త వస్తే ఈ వయసులోనూ మాకు నిద్ర పట్టదు.

ఆ ఎదురుచూపు గురించే ఈ నాలుగు మాటలు. పాత గొంతు కోసం ఎదురుచూడవద్దు, పాతవాళ్ళు కూడి చేసే కొత్త పని కోసం ఎదురుచూడండి అంటాము. ఆ పనిలో అందరికీ న్యాయం జరిగిందా అని కూడా చూడాలి.

పాత పాటలతో ఊరూరా తిరిగి కచేరీలు చేయడం తేలిక. టిక్కెట్లు అమ్ముడుపోతాయి, జనం చప్పట్లు కొడతారు. కొత్త ఆల్బం అలా కాదు, బాగాలేకపోతే పాత పేరు కూడా పోతుంది. ఆ భయం ఉన్నా కూర్చుని కొత్త పాట కట్టేవాళ్ళ మీద మాకు గౌరవం ఎక్కువ.

డీప్ పర్పుల్ నే తీసుకోండి. 1973 లో గిల్లాన్, గ్లోవర్ వెళ్ళిపోయినారు. 1976 లో బృందమే ఆగిపోయింది. 1984 లో ఆ పాత అయిదుగురూ మళ్ళీ కూడి ‘పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్’ చేసినారు. దాంట్లో ‘స్మోక్ ఆన్ ది వాటర్’ కు నకలు వెతికినా దొరకదు. ఆ ఆల్బం పేరుతోనే ఉన్న పాట జాన్ లార్డ్ ఆర్గన్ మీద బరువుగా, నిదానంగా నడుస్తుంది. పదకొండేళ్ళలో మనుషులు మారినారని వింటేనే తెలుస్తుంది.

ఐరన్ మెయిడెన్ సంగతి ఇంకా బాగుంటుంది. 1999 లో గాయకుడు బ్రూస్ డికిన్సన్, గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ తిరిగి వచ్చినారు. స్మిత్ 1990 లో వెళ్ళిపోయిన తరువాత ఆ చోటులో వాయించినవాడు జానిక్ గెర్స్. పాతవాడు వచ్చినాడు కదా అని గెర్స్ ను ఇంటికి పంపలేదు. రైల్వే భాషలో చెప్పాలంటే, ఖాళీలో పనిచేసినవాణ్ణి తీసేయకుండా కొత్త పోస్టే సృష్టించినారు. మూడు గిటార్లతో 2000 లో ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ వచ్చింది. నడుమ అయిదేళ్ళు పాడిన బ్లేజ్ బేలీకి మాత్రం ఆ అదృష్టం లేకపోయింది. అదీ చెప్పుకోవాలి. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ కు వచ్చినప్పుడు వాళ్ళు పాత పాటలతో పాటు, అంతకు ముందు ఏడాది వచ్చిన ఆల్బం పాటలు కూడా వాయించినారు.

ఇక బ్లాక్ సబ్బత్. బర్మింగ్‌హామ్ కార్ఖానాల నడుమ పుట్టిన బృందం అది. గిటారిస్టు టోనీ ఐయోమీకి పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ళ కొనలు తెగిపోయినాయి. ఎడమచేతివాటం మనిషి కాబట్టి తంతులు నొక్కేది ఆ వేళ్ళతోనే. ప్లాస్టిక్ కరిగించి వేలి తొడుగులు చేసుకొని మళ్ళీ వాయించినాడు. పెరంబూరు, పొన్మలై వర్క్‌షాపుల్లో పనిచేసినవాళ్ళ ఇళ్ళల్లో ఈ కథకు వేరే వివరణ అక్కరలేదు.

ఈ బృందం 2011 నవంబరు 11 న, పాత నలుగురం కలిసి కొత్త ఆల్బం చేస్తున్నామని ప్రకటించింది. రెండు నెలలకే ఐయోమీకి క్యాన్సర్ అని తెలిసింది. డ్రమ్మర్ బిల్ వార్డ్, తాను సంతకం పెట్టదగిన ఒప్పందం ఇవ్వలేదని తప్పుకున్నాడు. వేరే డ్రమ్మర్‌తో ‘13’ అనే ఆల్బం 2013 జూన్‌లో వచ్చింది. 1970 నాటి ‘పారనాయిడ్’ తరువాత బ్రిటన్‌లో వాళ్ళకు మొదటి స్థానం మళ్ళీ ఇదే తెచ్చింది. అమెరికాలో మొదటి స్థానం రావడం అదే మొదటిసారి. వైద్యం చేయించుకుంటూనే ఐయోమీ వాయించిన వాయింపు ఈనాటికీ మాకు బలంగానే వినిపిస్తుంది.

కానీ రెండు విషయాల్లో మాకు తృప్తి లేదు. నిర్మాత రిక్ రూబిన్ వాళ్ళకు మొదటి ఆల్బం వినిపించి, నడుమ సంవత్సరాలను మరచిపోయి వాయించమన్నాడు. కొన్ని పాటలు పాత పాటల మీద కాగితం పెట్టి గీసినట్టు ఉండడానికి అదే కారణం అని మా అభిప్రాయం. అరవై దాటినవాళ్ళను ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళలా వాయించమనడం ఏం న్యాయం? నలభై ఏళ్ళలో వాళ్ళు పడినది పాటలో రావాలి కదా.

రెండోది బిల్ వార్డ్ సంగతి. ఒప్పందంలో తప్పు ఎవరిదో మనం తేల్చలేము. అయితే జీవితమంతా జీతాల, పెన్షన్ల కాగితాలు చూసిన మాకు ఒకటి తెలుసు. లెక్కలు తేల్చుకోకుండా ముందు ప్రకటన చేస్తే తరువాత ఎవరో ఒకరు మనసు కష్టపెట్టుకుంటారు. అన్నదమ్ములు ఇల్లు కట్టేటప్పుడైనా, సంఘానికి మండపం కట్టేటప్పుడైనా అంతే. వాటాలు ముందు తేల్చి, దండోరా తరువాత వేయాలి.

ముసలి గొంతుతో ఎందుకు పాడాలి, పాత రికార్డులు ఉన్నాయి కదా అని కొందరు అంటారు. మన ఊళ్ళల్లో సెమ్మంగుడి గారు తొంభై దగ్గర పడినా పాడలేదా? గొంతు మునుపటిలా లేదని అందరికీ తెలుసు. అయినా సభలు నిండినాయి. త్యాగరాజు కీర్తనలో ఏ చోట ఎంతసేపు నిలవాలో ఆయనకు తెలిసినట్టు కుర్రవాళ్ళకు తెలియదు. గొంతు తగ్గితే శ్రుతి తగ్గించుకోవచ్చు. హెవీ మెటల్‌లోనూ తంతులు వదులు చేసి అదే పని చేస్తారు.

ఇంకొక మాట. బ్లాక్ సబ్బత్ అసలు నలుగురూ కలిసి చేసిన చివరి పూర్తి స్టూడియో ఆల్బం 1978 నాటిది. 2025 జూలై 5 న వాళ్ళ సొంత ఊళ్ళో విల్లా పార్క్ మైదానంలో ఆ నలుగురూ, బిల్ వార్డ్‌తో సహా, ఒకే వేదిక ఎక్కినారు. పదిహేడు రోజులకు ఆజీ ఆస్బర్న్ పోయినాడు. ఆ నలుగురి కొత్త ఆల్బం ఇక రాదు. ఒక కాగితం మీద సంతకం కుదరనందుకు మేము పోగొట్టుకున్నది అది.

అందుకని ఇకమీదట ఏ పాత బృందం కలిసినా మేము అడిగేవి ఇవే. పాత పాటకు నకలు వద్దు, ఈ వయసు పాట ఇవ్వండి. వాటాలు తేల్చుకొని రండి. నడుమ బండి లాగినవాణ్ణి మరవకండి. రేపు చేద్దాము అనకండి.

మన సభ్యుల్లో ఈ ఆల్బంలు విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే కింద రాయండి. ‘13’ మీద మా మాటతో ఒప్పుకోనివాళ్ళు ముందు రాయండి.