ఎనిమిదో తరగతి దాటకముందే మేలుకోండి

ఏడో తరగతి చదువుతున్న మీ అమ్మాయినో అబ్బాయినో పిలిచి 1/2కి 1/3 కలపమనండి. పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ మూడూ ఐదు అంటూ 2/5 అని రాసిస్తే ఆ కాగితాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2/5 అంటే అరకన్నా తక్కువ. అరకు ఇంకొంత కలిపితే అది తగ్గదు కదా అన్న అనుమానమే రాలేదంటే, అది పరాకున జరిగిన పొరపాటు కాదు. భిన్నం అంటే ఏమిటో ఆ బిడ్డకు ఇంకా తెలియలేదు.

ఇంకో లెక్క ఇవ్వండి: -3 - 5 ఎంత? ప్లస్ ఎనిమిది అనే పిల్లలు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. ‘మైనస్ మైనస్ ప్లస్’ అని బట్టీ పట్టారు. అది హెచ్చవేతకు సంబంధించిన సూత్రమని వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పలేదు.

గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వే ఈ సంగతి ఎప్పటినుంచో మొత్తుకుంటోంది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు దేశం మొత్తమ్మీద పల్లెల్లోని ఎనిమిదో తరగతి పిల్లల్లో సగం మంది కూడా లేరని 2022లో తేలింది, 2024లోనూ అదే తేలింది. మూడో తరగతి వరకు పిల్లల కోసం 2021లో కేంద్రం నిపుణ్ భారత్ పథకం మొదలుపెట్టింది. పదో తరగతికి వచ్చేసరికి స్పెషల్ క్లాసులు, స్టడీ అవర్లు ఉండనే ఉన్నాయి. మధ్యలోని ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల గోడు పట్టించుకునేదెవరు?

అసలు లెక్కలు మలుపు తిరిగేది అక్కడే. పూర్ణ సంఖ్యలు, నిష్పత్తి, శాతం, సామాన్య సమీకరణాలు, చక్రవడ్డీ అన్నీ ఈ మూడేళ్లలోనే వస్తాయి. పదిలో త్రికోణమితి అంటే నిష్పత్తే. ఇంటర్ కెమిస్ట్రీలో మోల్ లెక్కలన్నా నిష్పత్తే. ఇక్కడ తప్పిన పిల్లలు అక్కడ సూత్రాలు కంఠస్థం చేసి గట్టెక్కాలని చూస్తారు, లేదంటే ‘నాకు మ్యాథ్స్ రాదు’ అని చేతులెత్తేస్తారు. ఇది చాలదన్నట్టు కొన్ని ప్రైవేటు బడులు ఆరో తరగతిలోనే ‘ఐఐటీ ఫౌండేషన్’ పేరిట పైతరగతుల బీజగణితం రుద్దుతున్నాయి. భిన్నాలు రాని బిడ్డకు అది చదువు కాదు, ఫీజు వసూలుకు ఓ సాకు.

నష్టం మార్కులతో పోదు. ఐదు వేలు ఇస్తామన్న లోన్ యాప్ ప్రాసెసింగ్ ఫీజు కింద పదిహేను వందలు కోసుకుని మూడున్నర వేలే చేతికిచ్చి, వారం తిరిగేసరికి ఐదు వేలూ కట్టమంటుందనుకోండి. మూడున్నర వేల మీద పదిహేను వందలంటే వారానికే దాదాపు 43 శాతం. ఊళ్లో నూటికి పది రూపాయల వడ్డీ అంటేనే గుండెలు బాదుకుంటాం, అదైనా నెలకు! ఏడాదికి పడే మొత్తం ఖర్చు శాతాన్ని ముందే చూపాలని రిజర్వ్ బ్యాంక్ 2022లో డిజిటల్ అప్పులకు నిబంధన పెట్టింది. శాతమంటే ఏమిటో తెలియనివారికి ఆ అంకె చూపినా ఒకటే, దాచినా ఒకటే.

కాబట్టి తల్లిదండ్రులు ప్రోగ్రెస్ కార్డు చూసి నిశ్చింతగా ఉండొద్దు. గైడు మూసి, మీ ఎదుటే ఒక భాగహారం, ఒక భిన్నాల కూడిక, ఒక శాతం లెక్క చేయించండి. జవాబు ఒప్పయినా ‘ఎలా వచ్చింది?’ అని అడగండి. చెప్పలేకపోతే తిట్టకండి, వెనక్కి వెళ్లి నేర్పించండి. మీకు రాకపోతే రేపే బడికి వెళ్లి లెక్కల మాస్టారితో మాట్లాడండి.

ఉపాధ్యాయులారా, పోర్షన్ అయిపోయిందన్నది పిల్లలకు వచ్చిందనడానికి రుజువు కాదు. కొత్త పాఠం ఎత్తుకునే ముందు పాతది ఎవరికి రాలేదో చూడండి. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఆరు నుంచి ఎనిమిది తరగతులకు రోజూ ఒక పీరియడ్ పిల్లలు వెనకబడిన లెక్కలకే కేటాయించాలి. ఈ తరగతులున్న ఏ బడిలోనూ గణితం టీచర్ పోస్టు ఖాళీగా ఉండకూడదు. ఏడులో భిన్నాలు నేర్పడానికి కొన్ని వారాలు చాలు. అదే పదో తరగతిలో నేర్పుదామంటే పరీక్షల ఒత్తిడిలో ఎవరికీ తీరిక దొరకదు.