కాన్పు గదిలో తోడు ఏదీ?

పురుడంటే ఆడదానికి పునర్జన్మ అని మన పెద్దలు అనేవారు. ఆ మాట ఊరికే పుట్టలేదు. కాన్పు కష్టమైతే, ఎద్దులబండి మీద పెద్దాసుపత్రికి చేరేలోపే కన్నుమూసిన తల్లులు ఎందరో. నేడు ఆ దుస్థితి చాలావరకు తొలగింది. 2005లో వచ్చిన జననీ సురక్షా యోజన, అదే ఏడాది రోడ్డెక్కిన 108 వాహనాలు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు ఇందుకు తోడ్పడ్డారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2004–06లో లక్ష జననాలకు 154 మంది తల్లులు మరణించగా, 2018–20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కు దిగింది. ఇది హర్షించదగిన విషయం.

అయితే ప్రాణం దక్కినంత మాత్రాన పని పూర్తి అయినట్లు కాదు. తల్లికి మర్యాద కూడా దక్కాలి.

వెనకటి మంత్రసాని చదువుకున్నది కాదు. శుభ్రం లేని కత్తితో బొడ్డు కోయడం వల్ల ధనుర్వాతం వచ్చి పసికందులు పోయిన మాట నిజం. రక్తస్రావం ఆగకపోతే ఆమె చేయగలిగింది లేదు. అందువల్ల కాన్పులు మళ్లీ ఇళ్లలో జరగాలని ఎవరూ కోరరాదు. కాని ఆమె వద్ద ఒక గొప్ప గుణం ఉండేది. నొప్పులు మొదలైనది లగాయతు మాయ పడేవరకు తల్లిని విడిచి కదిలేది కాదు. నడుము నిమిరేది, ధైర్యం చెప్పేది. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలన్న సామెత ఆ ఓర్పునే చెబుతుంది.

ఆసుపత్రికి వచ్చాక ఆ తోడు గుమ్మం బయటే ఆగిపోయింది. దేశంలో అనేక కాన్పు గదుల్లో తల్లిని, అత్తను బయట నిలిపి, నెలలు నిండిన పిల్లను ఒంటరిగా లోపలికి పంపుతున్నారు. నొప్పికి అరిస్తే కసురుకోవడం, చాటు లేకుండా పరీక్షించడం, బిడ్డను చూపడానికి మామూళ్లు అడగడం పల్లె ఆడవారికి కొత్త కాదు. 2011 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, ఆపరేషను, మందులు, భోజనం, రవాణా అన్నీ ఉచితమే. ఎవరికీ పైసా ఇవ్వనక్కరలేదు.

ఇక ఆపరేషన్ల సంగతి. అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 63. కారణాలు అనేకం. ఒంటరితనం, భయం కూడా వాటిలో ఉన్నాయనడంలో సందేహం లేదు.

దీనికి విరుగుడు ఖర్చుతో కూడినది కాదు. కాన్పు సమయంలో తల్లి పక్కన ఒక తోడు మనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే నిర్ణయించింది. ఆ తోడు మనిషి కాన్పు అనుభవం ఉన్న స్త్రీ అయితే మంచిది. అంటురోగం ఉండరాదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, వైద్యానికి అడ్డు రారాదు. చాటు ఉన్నచోట భర్తను కూడా అనుమతించవచ్చు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం ఇదే చెప్పింది.

ఇది ఉత్త సానుభూతి మాట కాదు. దూరాన గ్వాటెమాలా దేశపు ఆసుపత్రిలో, ముఖపరిచయమైనా లేని ఒక స్త్రీని తోడుగా కూర్చోబెడితేనే నొప్పుల సమయం తగ్గినట్లు 1980లో వైద్యులు ప్రకటించారు. అటువంటి తోడు మనిషినే నేడు పడమటి దేశాల్లో డౌలా అంటున్నారు. తరువాత 17 దేశాల్లో 15 వేలమందికి పైగా తల్లులపై జరిగిన పరిశీలనలను కలిపి చూసినప్పుడూ తోడు ఉన్నవారికి మామూలు కాన్పులు ఎక్కువగా, ఆపరేషన్లు తక్కువగా ఉన్నాయి.

గది ఇరుకు, నర్సులు తక్కువ, జనం మూగుతారు అని ఆసుపత్రి వారు అనవచ్చు. అది పూర్తిగా కాదనలేం. ఒక నర్సు నలుగురు తల్లులను చూడవలసి వచ్చినప్పుడు విసుగు సహజం. అందుకే తోడు మనిషి నర్సుకు బరువు కాదు, ఆసరా. మంచానికి మంచానికి నడుమ తెర, కూర్చునేందుకు ఒక స్టూలు ఉంటే చాలు.

తోడు మనిషి ఓదార్చగలదు గాని కాన్పు చేయలేదు. ఆ పనికి నేర్పరులు కావాలి. నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణ ఇచ్చి మామూలు కాన్పులు వారికి అప్పగించాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. కరీంనగర్‌లో 2017లోనే ఈ శిక్షణ మొదలైంది. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఇటువంటి నర్సులు మన జిల్లాకు కూడా అవసరం.

నల్లమల అంచు గూడేల నుంచి వచ్చే చెంచు తల్లులకు ఈ తోడు మరీ ముఖ్యం. ఆళ్లగడ్డ సీమ అహోబిలంలో చెంచులక్ష్మిని స్వామి దేవేరిగా కొలుస్తుంది. పారువేటలో స్వామి పల్లకి ఊరూరా తిరుగుతుంది. అటువంటి చోట చెంచు ఆడబిడ్డ కట్టూబొట్టూ చూసి చులకన చేస్తే ఆ భక్తికి అర్థం లేదు. ఆమె గూడెం మనిషిని ఆమె వెంట లోపలికి రానివ్వాలి.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ నియమాన్ని అందరికీ కనబడేలా తెలుగులో బోర్డు రాయించాలి. తోడు ఎవరు వస్తారో ఎనిమిదో నెలలోనే ఆశా కార్యకర్త అడిగి రాసుకోవాలి. గ్రామస్థులు సైతం బయట కూర్చుని గొణగడం మాని, ఇది తమ హక్కని మర్యాదగా అడగాలి. బిడ్డను కనే తల్లికి పట్టుకోవడానికి ఒక చెయ్యి ఇవ్వలేనంత పేదరికం మన ఆసుపత్రులకు లేదు.