అక్కా, మాకు లేదా స్కాలర్‌షిప్పు?

పోయిన సంచికలో బీడీ కార్మికుల పిల్లల స్కాలర్‌షిప్పు గురించి రాసినప్పటి నుంచి మా గడప తొక్కేవాళ్ళు ఎక్కువయ్యారు. కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే డబ్బు అది. చిన్న తరగతులకు ఏడాదికి 1,000 రూపాయలతో మొదలై వృత్తి కోర్సులకు 25,000 దాకా వస్తుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చెయ్యాలి. కాగితాలు పట్టుకుని వచ్చిన తల్లుల్లో ఐదారుగురు పిల్లల పని అయిపోయాక కూడా లేవకుండా కూర్చున్నారు. చివరికి ఒకామె అననే అన్నది: "అక్కా, వేళ్ళు అరిగేదాక బీడీలు చుట్టేది నేను. చదువు పైసలు నా బిడ్డకొస్తయి, మంచిదే. మరి నేనే చదువుకుంటానంటే?"

ఆ పథకంలో అయితే లేదమ్మా. అది కార్మికుల పిల్లలకే, కార్మికురాలికి కాదు. కానీ దారులు వేరే ఉన్నాయి. నేను 2024లో బి.ఎ. మొదటి ఏడాదిలో చేరి ఆ దారిలోనే నడిచాను కాబట్టి తెలుసు. పదో తరగతి 2004లో అయింది. పెళ్ళి, ఇద్దరు పిల్లలు, అత్తగారి జబ్బు, ఇవన్నీ అయ్యాక 17 నంబరు ఫారం నింపి బయటి నుంచి పన్నెండో తరగతి పరీక్ష రాశాను. సోలాపూర్‌లో పొద్దున పూట నడిచే కాలేజీ చూసుకుని చేరాను. అప్పటికి నాకు 36.

ముందు ఖర్చు మాట చెప్పాలి, ఎందుకంటే అందరూ ఫీజు ఎంత అనే అడుగుతారు. నా ఫీజు, పుస్తకాలు కలిపి తొమ్మిది వేల చిల్లర. అది ఒక పక్క. రెండో పక్క, రోజుకు వెయ్యి బీడీలు చుట్టేదాన్ని కాలేజీకి పోయిన రోజు ఆరు వందలు దాటలేదు. తునికాకు నానబెట్టడం, కత్తిరించడం పొద్దున్నే అవ్వాలి కదా, ఆ పొద్దుటి గంటలే కాలేజీకి పోయినయి. పిల్లలు చదువుకుంటే ఇంట్లో ఫీజు ఒక్కటే పోతుంది. మనం చదువుకుంటే ఫీజుతో పాటు కూలి కూడా పోతుంది. ఈ లెక్క ఏ ఫారంలోనూ ఉండదు. కాబట్టి చేరకముందే ఇంట్లో కూర్చుని నెలకు ఎంత తగ్గుతుందో మొగుడి ముందు రాసి పెట్టండి. తర్వాత గొడవ తక్కువ.

ఇక స్కాలర్‌షిప్పు. మహారాష్ట్రలో పద్మశాలీలు ఎస్‌బీసీ వర్గంలో ఉన్నారు, అంటే విశేష వెనుకబడిన వర్గం, 2 శాతం రిజర్వేషన్. మహాడీబీటీ పోర్టల్‌లో ఎస్‌బీసీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఉంది, ఫీజు మాఫీ ఉంది. ఆదాయ పరిమితి సంగతికి భయపడకండి. లూమ్ నడిపే ఇల్లు, బీడీలు చుట్టే ఇల్లు ఆ గీత దాటడం కష్టం. మన ఇబ్బంది ఆదాయం ఎక్కువై కాదు, మన దగ్గర కాగితం లేక. అందులోనూ ఆడదాని కాగితాలు రెండిళ్ళలో ఉంటాయి. కులం పుట్టింటిది, ఆదాయం అత్తింటిది. పదో తరగతి మార్కుల కాగితం మీద నాయన పేరు, ఆధార్ మీద మొగుడి పేరు. కంప్యూటరుకు ఇద్దరు మనుషులు కనపడతారు.

పేరు సంగతే ముందు తేల్చుకోవాలి. ఇక్కడి మరాఠీ వాళ్ళ పద్ధతి చూసి మన ఇళ్ళలో కూడా కొందరు పెళ్ళినాడు పళ్ళెంలో బియ్యం పోసి కొత్త పేరు రాయిస్తారు. ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ బియ్యంలో రాసిన పేరు ఆధార్‌కెక్కితే ఇరవై ఏళ్ళ తర్వాత తిప్పలు మొదలవుతాయి. మహాడీబీటీలో మీ పేరు ఆధార్ నుంచే వస్తుంది. కాలేజీ వాళ్ళు మార్కుల కాగితం మీది పేరే రాస్తారు. ఈ రెంటినీ కలిపేవి పెళ్ళి రిజిస్ట్రేషన్ దాఖలా, రాజపత్రంలో పేరు మార్పు ప్రకటన. నాకు మొదటి పేరు మారలేదు గనక పెళ్ళి దాఖలాతో సరిపోయింది. మొదటి పేరే మారిన వాళ్ళు రాజపత్రం చేయించుకోక తప్పదు. కొత్త కోడళ్ళున్న ఇళ్ళకు ఒక మాట: పిల్ల పేరు మార్చకండి. ముద్దుకు ఇంట్లో ఏమని పిలుచుకున్నా మీ ఇష్టం.

అన్నిటికన్నా ఎక్కువ నడిపించింది కులం దాఖలా. పెళ్ళయినంత మాత్రాన కులం మారదు, అది తండ్రి తరఫునే రుజువు కావాలి. ఓబీసీ, ఎస్‌బీసీలకు ఈ రాష్ట్రంలో ఒక తేదీ ఉంది, 1967 అక్టోబరు 13. ఆ రోజుకు ముందు మన పెద్దలు మహారాష్ట్రలోనే ఉన్నారనీ, వాళ్ళ కులం ఇదనీ చూపే పాత కాగితం కావాలి. తరాల కిందట మగ్గం సామాను మోసుకుని వచ్చినవాళ్ళం మనం. 1877లో మొదలైన పాత మిల్లులో మన తాతల చెమట ఎంత కారిందో లెక్క లేదు. అయినా కౌంటరులో అడిగేది ఒకటే, కాగితం ఉందా అని.

మా తాత బడి మొహం చూడలేదు. మిల్లు కార్డు ఉండేదట, వరదలో తడిసిపోయిందని నాయనమ్మ అనేది. మా నాయన మూడో తరగతి దాక చదివాడు కానీ ఆ కాగితం దొరకలేదు. పెదనాయన మున్సిపల్ తెలుగు బడిలో చదివాడని గుర్తొచ్చి ఆ బడికి పోయాను. పెద్దసారు మంచోడు. బీరువాలోంచి రిజిస్టర్లు దింపించి, దుమ్ము దులిపి, ఒక మధ్యాహ్నమంతా తిప్పాడు. 1958లో చేరిన పిల్లల పేజీలో దొరికింది పెదనాయన పేరు, పక్కన కులం గడిలో హిందూ పద్మశాలి అని. ఆ పేజీ ఉతారా తీసి ముద్ర వేసిచ్చాడు. చేతిలో పట్టుకుంటే కాళ్ళు వణికినయి. ఒకటి గుర్తుంచుకోండి, మీ నాయన కాగితమే కావాలని లేదు. తాత, పెదనాయన, చిన్నాయన, మేనత్త, తండ్రి తరఫు రక్తసంబంధం ఎవరిదైనా పనికొస్తుంది. దానితో పాటు మీకూ వాళ్ళకూ చుట్టరికం ఏమిటో చూపే వంశావళి అఫిడవిట్ పెట్టాలి.

ఆ వంశావళి దగ్గరే ఇంకో చిక్కు వచ్చింది. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. మన ఇళ్ళలో చాలామందికి ఇదే ఎదురవుతుంది కాబట్టి రాస్తున్నాను. తమ్ముడి కులం దాఖలా, నాయన రేషన్ కార్డు పుట్టింట్లో ఉన్నాయి. అడిగితే తమ్ముడు నసిగాడు. ఇవాళ కాదు రేపు అన్నాడు. మూడు వారాలయింది. అసలు సంగతి తర్వాత తెలిసింది. పెళ్ళయిన అక్క నాయన పేరు మీది కాగితాలు, వంశవృక్షం అడిగిందంటే ఇంటిలో వాటాకు వస్తుందని ఎవరో చెవిలో ఊదారు. రెండు గదుల చాళ్ ఇల్లు అది! ఆడపిల్లకు వాటా ఉందా లేదా అన్నది వేరే ముచ్చట, చట్టం ఉందనే అంటుంది. కానీ నేను అడిగింది జిరాక్సు. చివరికి మరదలే పెట్టె తీసింది. "వదినా, నువ్వు తీసుకపో. ఆయనకు నేను చెప్పుకుంట. రేపు నా బిడ్డకు గూడ ఇవే కావాలె గద" అన్నది. ఆ పిల్ల ఏడో తరగతితో ఆగింది. మా ఇంట్లో అందరికన్నా ముందుచూపు దానికే.

కులం దాఖలా ప్రాంతాధికారి కచేరి నుంచి వస్తుంది, సేతు కేంద్రంలో దరఖాస్తు పెట్టాలి. వృత్తి కోర్సుల్లో రిజర్వు సీటు కావాలంటే దీని మీద వ్యాలిడిటీ కూడా తెచ్చుకోవాలి, అది ఇంకో ప్రయాణం. మీ బిడ్డలు ఆ దారి పట్టేటట్టయితే పదకొండో తరగతి నుంచే మొదలుపెట్టండి.

ఆదాయం దాఖలా తహసీల్దారు ఇస్తాడు. మా ఆయన లూమ్ పని, జీతం చిట్టీ ఉండదు. సేఠ్‌ను రెండు మాటలు రాసిమ్మంటే ఎందుకొచ్చిన లెక్కలని రాయలేదు. తలాఠీ విచారణ మీద వచ్చింది చివరికి. ఇక్కడొక ముచ్చట. కేంద్ర పోస్ట్ మెట్రిక్ నిబంధనల్లో పెళ్ళయి ఉద్యోగం లేని విద్యార్థినికి భర్త ఆదాయం లెక్కలోకి తీసుకోవాలని ఉంటుంది. ఉద్యోగం లేని! పద్నాలుగేళ్ళ వయసు నుంచి బీడీలు చుడుతున్నాను, పీఎఫ్ నంబరు కూడా ఉంది. ఇంట్లో వాళ్ళకు అది ఖాళీ టైములో చేసే పని. సేతులో కూర్చున్న పిల్లాడు కూడా "గృహిణి అని వేసేస్తా మావషీ" అన్నాడు. వద్దన్నాను. బీడీ కార్మికురాలు అనే రాయించి, నా కూలి కూడా కలిపి ఆదాయం చూపించాను. దాచితే రేపు పీఎఫ్ కాగితం ఎదురు నిలబడుతుంది. పైగా, ఉన్న పనిని లేదని మన చేత్తో మనమే ఎందుకు రాసుకోవాలి?

గ్యాప్ అఫిడవిట్ అని ఒకటి అడిగారు, పదో తరగతికీ కాలేజీకీ మధ్య ఏం చేశావని. ఇరవై ఏళ్ళు. నోటరీ దగ్గర గడిలో రెండు మాటలకే చోటుంది. ఇంటి పరిస్థితి అని రాశారు. సరే.

బ్యాంకు ఖాతా పని మాత్రం మనకిప్పుడు సులువు. సర్కారు డబ్బు ఆధార్‌కు చివరగా జోడించిన ఖాతాలోనే పడుతుంది. 2024లో లాడకీ బహీణ్ కోసం మనమంతా బ్యాంకుల ముందు నిలబడి ఆ జోడింపు చేయించుకున్నాం కదా. 1,500 ఏ ఖాతాలో పడుతున్నాయో స్కాలర్‌షిప్పు కూడా అందులోకే వస్తుంది. మధ్యలో వేరే బ్యాంకులో ఆధార్ ఇచ్చి ఉంటే ఒకసారి అడిగి చూసుకోండి.

సర్కారు డబ్బు ఆలస్యమవుతుందని తెలిసి ఒక ట్రస్టుకు కూడా దరఖాస్తు పెట్టాను. పేరు ఎందుకులెండి. ఆ ఫారం పద్దెనిమిదేళ్ళ పిల్లలకు తయారుచేసింది. విద్యార్థి తండ్రి సంతకం అని ఒక గడి. మా నాయన పోయి తొమ్మిదేళ్ళయింది. మీ అభిరుచులు ఏమిటి అని ఇంకో గడి. దాన్ని ఖాళీగా వదిలేశాను. ముఖాముఖికి పిలిస్తే బయట కూర్చున్న గుమాస్తా "అమ్మాయి లోపలికి పోవాలి, తల్లులు ఇక్కడే ఉండాలి" అన్నాడు. అమ్మాయిని నేనేనని చెప్పాను. లోపల ముగ్గురు పెద్దమనుషులు. మర్యాదగానే మాట్లాడారు. అందులో ఒకాయన అడిగాడు: "ఈ వయసులో చదివి ఏం చేస్తారమ్మా? ఈ డబ్బు ఒక చిన్నపిల్లకు ఇస్తే జీవితం నిలబడుతుంది కదా?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. మొదట కాగితం మీద రాసుకున్న జవాబు వేరే, స్త్రీ విద్య, దేశం అని ఏవో పెద్ద మాటలు. అక్కడ అవి నోటికి రాలేదు. "అయ్యా, డిగ్రీ అయ్యేసరికి నాకు 39 వస్తాయి. ఆ తర్వాత ఇంకో 20 ఏళ్ళయినా పనిచేస్తాను. చెయ్యక గడవదు. ఆ 20 ఏళ్ళు కూడా బీడీలే చుట్టమంటారా? తమాకు దుమ్ముకు మా అమ్మ దగ్గు ఎట్లుండేదో నేను చూసిన" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. ఐదు వేలు ఇచ్చారు. అడిగింది పది. పిల్లలకే ముందు ఇవ్వాలని వాళ్ళు అనుకోవడం తప్పని నేననను, డబ్బు తక్కువ ఉన్నప్పుడు ఎవరైనా అట్లనే పంచుతారు. కానీ చిన్నప్పుడు అవకాశం రాని మనిషి పెద్దయ్యాక వరసలో వెనక నిలబడాలంటే ఆ వరస ఎప్పటికీ ముందుకు జరగదు.

మహాడీబీటీ మొదటి విడత మార్చి నెలలో పడింది. అంతదాక కాలేజీ వాళ్ళు సగం ఫీజుతో ఆగారు. ఆ సగం ట్రస్టు ఇచ్చిన దాంట్లోంచే కట్టాను. రోజూ కాలేజీకి పోయే వీలు లేనివాళ్ళు నాశిక్‌లోని యశవంతరావ్ చవాన్ ఓపెన్ యూనివర్సిటీ గురించి కనుక్కోండి. సోలాపూర్‌లో దాని అధ్యయన కేంద్రాలు ఉన్నాయి. అయితే అక్కడ చేరితే ఏ స్కాలర్‌షిప్పు వర్తిస్తుందో ఆ కేంద్రంలో అడిగాకే ఫీజు కట్టండి.

దరఖాస్తు ఏటా రెన్యువల్ చెయ్యాలి, పోర్టల్ తెరిచాక చివరి తేదీ దాక ఆగొద్దు. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాక నేను మన వాచనాలయంలో ఉంటాను. పదో తరగతి మార్కుల కాగితం, బడి లీవింగ్ సర్టిఫికెట్, ఆధార్, పెళ్ళి దాఖలా ఉంటే అది, పుట్టింటి తరఫు పాత కాగితం ఏది దొరికితే అది పట్టుకుని రండి. బీడీల చాట కూడా తెచ్చుకోవచ్చు, నేనూ తెచ్చుకుంటాను. అన్నదమ్ములకు మాత్రం రెండు వారాల ముందే ఫోన్ చేసి పెట్టండి.