డార్లింగ్టన్ ఇంజను ఎవరిది?

ఉత్తర ఇంగ్లండ్‌లోని డార్లింగ్టన్‌లో, 1842లో కట్టిన నార్త్ రోడ్ స్టేషన్ భవనమే ఆవాసంగా నడిచిన స్థానిక రైల్వే మ్యూజియం నుంచి ‘లోకోమోషన్ నంబర్ 1’ ఇంజనును జాతీయ రైల్వే మ్యూజియం 2021లో షిల్డన్ పట్టణానికి తరలించుకుపోవడం చట్టానికి లోబడిన చర్యే కావచ్చు గాని, దానిని న్యాయమని అంగీకరించడం సాధ్యం కాదు. ఆ ఇంజను తొలిసారి నడిచిన రైలుమార్గానికి రెండు వందల ఏళ్లు నిండిన 2025 ఉత్సవాల సందడిలో ఈ అన్యాయం మరుగున పడిపోవడం మరింత బాధాకరం.

1825 సెప్టెంబరు 27న స్టాక్టన్–డార్లింగ్టన్ మార్గం ప్రారంభమైనప్పుడు తొలి బండిని లాగినది ఈ ఇంజనే. బహిరంగ రైలుమార్గం మీద, అనగా ఒక గనికి పరిమితం కాక రుసుము చెల్లించిన అందరి సరుకునూ మోసే మార్గం మీద, ఆవిరి ఇంజను ప్రయాణికులున్న బండిని లాగడం అదే మొదలు. ఆ మార్గం కోసం ధనం సమకూర్చడంలో ముందు నిలిచిన ఎడ్వర్డ్ పీజ్ డార్లింగ్టన్ ఉన్ని వర్తకుడు. పని చాలించిన ఇంజనును 1857లో నార్త్ రోడ్ సమీపాన వేదికపై నిలిపి, 1892లో బ్యాంక్ టాప్ స్టేషన్‌కు మార్చి, 1975లో మ్యూజియం తెరిచినప్పుడు అక్కడికి చేర్చారు. తాత్కాలికంగా వెళ్లివచ్చిన రోజులను మినహాయిస్తే నూట అరవై ఏళ్లకు పైగా అది ఆ ఊరిని విడవలేదు.

జాతీయ మ్యూజియం వారు, ఇంజను జాతీయ సేకరణకు చెందినదని, అంటే ఏ ఊరిలో ఉన్నా దాని విషయంలో తుది మాట కేంద్ర సంస్థదేనని, పైగా తొలి రోజున దానిని బండికి తగిలించినది షిల్డన్‌లోనే గనుక 2004లో అక్కడ వెలసిన మ్యూజియమే తగిన చోటని వాదించారు. షిల్డన్‌కు హక్కు లేదనలేము. కాని ఒక పూట జరిగిన ఘటనకు, తరతరాల సంరక్షణకు మధ్య ఏది బరువైనదో తూచవలసి వచ్చినప్పుడు రెండవదే నెగ్గాలి. కొన్ని కాలాలపాటు ఇంజను తిరిగివచ్చేలా కుదిరిన ఒప్పందం వల్ల సొంత ఇంటికి అతిథిగా రావలసిన స్థితి ఏర్పడిందే తప్ప లోటు తీరలేదు.

పేరు మార్పు కూడా ఇటువంటిదే. 2024లో పునరుద్ధరించి తెరిచిన నార్త్ రోడ్ మ్యూజియం స్థలాన్ని ‘హోప్‌టౌన్’ అన్నారు. అది ఆ ప్రాంతపు పాత పేరే అయినా, ‘రైల్వే మ్యూజియం’ అన్న మాటలను తొలగించడం వల్ల సందర్శకులు పెరుగుతారనుకోవడం చరిత్ర పట్ల ప్రజలకున్న ఆసక్తిని తక్కువగా అంచనా వేయడమే. ఈ ధోరణి డార్లింగ్టన్‌కే పరిమితం కాదు. పాఠకులు తగ్గుతారన్న భయంతో గ్రంథాలయాలకు సైతం ‘సమాచార కేంద్రం’ వంటి పేర్లు తగిలిస్తున్నారు.

మళ్లీ ఇంజను సంగతికి వస్తే, నార్త్ రోడ్ మ్యూజియం గోడను ఆనుకున్న ప్లాట్‌ఫారం దగ్గర నేటికీ రైళ్లు ఆగుతున్నాయి. అవి వెళ్లేది షిల్డన్ మీదుగానే గనుక, ఇంజను నార్త్ రోడ్‌లోనే ఉండి ఉంటే షిల్డన్ వాసులు రైలెక్కి వచ్చి చూసిపోవడానికి అడ్డేమీ ఉండేది కాదు.