వెండి తీగా... రాగి తీగా?

గౌడవెల్లి రైల్వేస్టేషన్‌కి కూతవేటు దూరంలో ఓ ఇల్లు ఉందనుకోండి. ఆ ఇంటాయన రిటైరై నాలుగేళ్లయింది. పొద్దుపోక ఓ రోజు అటకెక్కి, తండ్రి కొన్న రికార్డ్ ప్లేయర్ దింపారు. దాంతోపాటే అట్టపెట్టె నిండా ఎల్పీలు. అన్నిటికన్నా పైన ఘంటసాల భగవద్గీత. దుమ్ము తుడిచి, ప్లేటు తిప్పి, ముల్లు ఆనించారు. కుడి స్పీకర్ పాడింది. ఎడమ స్పీకర్ పాట మానేసి గుర్రుమంటోంది.

మెకానిక్ వచ్చి చూశాడు. ‘చేతిలో తీగ తెగింది సార్. నాలుగూ మార్చేయాలి. రాగి వేయమంటారా, వెండి వేయమంటారా?’

అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్లోనే తీర్పు చెప్పేశాడు. ‘వెండే వేయించండి నాన్నా. తెర తీసినట్టు వినపడుతుందట.’ వంటింట్లోంచి ఆవిడ మాత్రం ‘పట్టీలకు వెండి అంటే అర్థముంది. పాటక్కూడా వెండేనా?’ అన్నారు.

ఆవిడ వెటకారంగా అన్నా, అడగాల్సిన ప్రశ్నే అది.

రికార్డు గాడిలో ముల్లు వణుకుతుంది. ఆ వణుకు కార్ట్రిడ్జ్‌లోని చిన్న అయస్కాంతాన్ని కదిలిస్తుంది. పక్కనున్న తీగచుట్టల్లో కాసింత కరెంటు పుడుతుంది. కాసింత అంటే నిజంగానే కాసింత, ఐదారు మిల్లీవోల్టులు. దాన్ని ఆంప్లిఫయర్ దాకా మోసుకెళ్లే దారిలో మొదటి మజిలీయే టోన్‌ఆర్మ్. ఆ గొట్టంలో వెంట్రుకల్లాంటి తీగలు నాలుగుంటాయి. తెలుపు, నీలం ఎడమవైపువి. ఎరుపు, ఆకుపచ్చ కుడివైపువి.

లోహాలన్నిట్లో కరెంటును బాగా పోనిచ్చేది వెండే. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే రెండో స్థానంలో ఉన్న రాగి దానికి ఐదారు శాతమే వెనక. మిల్లీమీటరులో పదో వంతు మందం, 30 సెంటీమీటర్ల పొడవున్న తీగ తీసుకుందాం. రానూపోనూ లెక్కేస్తే రాగి చూపే నిరోధం సుమారు 1.3 ఓమ్‌లు. వెండిదైతే 1.2. తేడా ఓమ్‌లో పదో వంతు కూడా లేదు. మరి ఆ దారిలోనే ఉన్న కార్ట్రిడ్జ్ సంగతి? ఆర్టోఫోన్ 2ఎం రెడ్ అనే మామూలు రకంలో తీగచుట్ట నిరోధమే 1,300 ఓమ్‌లు. ఆంప్లిఫయర్ ముఖద్వారం దగ్గర మరో 47,000. వీటి ముందు వెండి మిగిల్చిపెట్టేది పది లక్షల్లో ఒకటి రెండు వంతులు. చెరువులో చెంబెడు నీళ్లు పోసినట్టు! ఖరీదైన మూవింగ్ కాయిల్ రకాల్లో చుట్టలు చిన్నవి, డెనాన్ డీఎల్-103లో 40 ఓమ్‌లే. అక్కడైనా ఈ తేడా వెయ్యిలో ఒక వంతుకు చేరదు.

మరి అంత డబ్బు దేనికి? వెండి ధరకైతే కాదు. ఆ నాలుగు తీగల్లో ఉండే వెండి మొత్తం తూకం వేస్తే గ్రాములో పదో వంతు. పట్టీకి ఒక మువ్వ కూడా రాదు.

రాగికి బదులు వెండి వాడిన ఘనకార్యం చరిత్రలో ఒకటుంది. 1942లో అమెరికా అణుబాంబు పనికి పెద్ద పెద్ద విద్యుదయస్కాంతాలు కావాల్సి వచ్చాయి. యుద్ధం మూలంగా రాగికి కటకట. దాంతో ఖజానాలోని వెండిని 13,000 టన్నులకు పైగా అప్పు తెచ్చి, ఓక్ రిడ్జ్‌ కోసం చుట్టలు చుట్టారు. అది రాగికన్నా గొప్పగా పనిచేస్తుందని కాదు, రాగి దొరకలేదని! చివరి వాయిదా వెండి 1970లో ఖజానాకు తిరిగి చేరింది.

‘వేయించాక తేడా స్పష్టంగా తెలిసిందండీ’ అనేవాళ్లు బోలెడుమంది. వాళ్లు అబద్ధం చెబుతున్నారనుకోనక్కర్లేదు. తీగ మార్చేటప్పుడు పాత టంకం ఊడదీస్తారు. కిలుము గీకుతారు. వదులైన క్లిప్పులు బిగిస్తారు. ముల్లు కోణం మళ్లీ సరిచూస్తారు. పాట బాగుపడక ఏమవుతుంది? పేరు మాత్రం వెండికి పోతుంది. పైగా పాత తీగ అప్పటికే చెత్తబుట్టలో ఉంటుంది కాబట్టి పక్కపక్కన పెట్టి వినే వీల్లేదు. పండక్కి తోమిన వెండి కుంది నల్లబడుతుంది, చింతపండుతో తోమిన రాగి చెంబూ రంగు మారుతుంది. అతుకు దగ్గర జాగ్రత్త తీసుకోకపోతే రెంటికీ ఆ జబ్బు తప్పదు.

అసలు చూడాల్సింది తీగ మెత్తదనం. ముల్లు రికార్డు మీద మోపే బరువు రెండు గ్రాములకు అటూ ఇటూ. చెయ్యి తిరిగే కీలు దగ్గర తీగ ఏమాత్రం బిర్రుగా ఉన్నా చేతిని ఓ పక్కకు నెడుతుంది. ఆ నెట్టుడు రాగి తీగదైనా వెండి తీగదైనా గాడికి ఒకటే. సన్నటి పోగులు కలిపి పేనిన మెత్తని రాగి తీగ చాలు. టంకం పెట్టేముందు కార్ట్రిడ్జ్‌ను ఊడదీయించడం మాత్రం మరవకూడదు. ఆ వేడికి లోపలి చుట్ట తెగిందంటే తీగ కోసం పోయి కార్ట్రిడ్జ్ పోగొట్టుకున్నట్టే.

గౌడవెల్లిలో ఇంకో చిక్కుంది. మేడ్చల్ వైపు గూడ్సుబండి పోతుంటే కిటికీ ఊచలు అదురుతాయి. ఆ అదురు నేలమీది బల్లలోంచి పాకి ముల్లుకు చేరుతుంది. ముల్లుకు పాటేదో బండేదో తెలీదు కదా, రెండూ వినిపిస్తుంది. ప్లేయర్‌ను బల్ల మీద నుంచి తీసి, గోడకు గట్టిగా బిగించిన చెక్క పలక మీద పెడితే అడుగుల అదురు పోతుంది. బండి అదురు మాత్రం గోడలోంచి కూడా వస్తుంది కాబట్టి అంతగా తగ్గకపోవచ్చు. వెండి తీగ ఈ పని చేయలేదు.

మిగిలిన డబ్బు ముల్లుకు పెట్టాలి. దాని మొనలో ఉండేది వజ్రం. అదీ అరుగుతుంది, వెయ్యి గంటల వాడకమంటే ఎక్కువే. అరిగిన మొన పదునెక్కి గాడిని చెక్కేస్తుంది. తెగిన తీగ మళ్లీ వేయించుకోవచ్చు, చెక్కుకుపోయిన గాడి మళ్లీ రాదు. అటక మీది ముల్లు వయసెంతో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కొత్తది వచ్చేదాకా తండ్రి కొన్న గీత అట్టలోనే ఉండాలి. అంతగా పరీక్షించాలనిపిస్తే పెట్టె అడుగున ఎలాగూ గీతలు పడ్డ రికార్డు ఒకటుంటుంది.